పదకొండు పేర్లకూ పదిహేడు

బుధవారం ఉదయం పదీ ఇరవైకి ఫకావోఫో దీవి బడిలో, తొమ్మిదో తరగతి గోడ మీద పదకొండు మంది పిల్లల పేర్లు పడ్డాయి. ప్రతి పేరు పక్కనా ఒక అంకె ఉంది. పదకొండు చోట్లా అదే అంకె: పదిహేడు.

సైన్సు టీచరు లోయిమాతా ప్రొజెక్టర్ ఆపి మళ్లీ వేసింది. అంకెలు మారలేదు. ఆమె వెనక కుర్చీలో కూర్చున్న పాసిలియో కళ్లజోడు తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన విద్యాశాఖ పంపిన పరిశీలకుడు. ఆ ఉదయం ఏడింటికే ఓడ దిగాడు. ఓడ మిగతా రెండు దీవులకూ వెళ్లి శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. అది ఎక్కి ఆయన ఆపియా పట్నానికి వెళ్లిపోవాలి. ఈలోగా పదకొండు ఫారాలు చూసి సంతకం పెట్టడం ఆయన పని.

ఆరు వారాలుగా ఆ తరగతి ఒక మైండ్ మ్యాప్ గీస్తోంది. కాగితం మీద కాదు, ట్యాబ్‌ల మీద. మధ్యలో ఒక బుడగ. అందులో ‘మన లోపలి సముద్రం’ అని రాసి ఉంది, అంటే దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బకు లోపలి నీళ్లు. దాని నుంచి కొమ్మలు వెళ్తాయి: చేపలు, గుల్లలు, ఆటుపోట్లు, వలలు, తుఫాన్లు, ఇలాంటివి తొమ్మిది. కొమ్మలకు రెమ్మలు. ఎవరు బుడగ పెడితే ఆ బుడగ మీద వాళ్ల పేరు, వాళ్ల రంగు పడతాయి. ఎవరు ఎన్ని పెట్టారో యాప్ తనే లెక్కగట్టి పట్టిక చూపిస్తుంది. బుడగ మీద వేలు ఆనించి కాసేపు ఉంచితే పేర్ల జాబితా తెరుచుకుంటుంది, అక్కడ పేరు మార్చుకోవచ్చు. ఈ చివరి సంగతి లోయిమాతా పిల్లలకు చెప్పలేదు. వాళ్లే కనుక్కున్నారు.

ఈ టర్మ్‌కు సైన్సు మార్కులు ఆ పటం మీదే వేస్తారు. ఫారంలో నిబంధన ఒకటే. ప్రతి విద్యార్థీ సొంతంగా కనీసం పది బుడగలు పెట్టి ఉండాలి. పటం చెల్లదని తేలితే, ఆ తరగతి మొత్తం వచ్చే ఏడు సైన్సు మళ్లీ చదవాలి.

“టీచరుగారూ,” అన్నాడు పాసిలియో, “నేను పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇద్దరి అంకె కలిస్తే కాపీ అంటాం. పదకొండు మందిదీ కలిస్తే ఏమనాలో మాకు చెప్పలేదు.”

లోయిమాతా పిల్లల వైపు తిరిగింది. ఎవరూ తల దించుకోలేదు. వాళ్ల ముఖాల్లో తప్పు చేసిన గుర్తేమీ ఆమెకు కనిపించలేదు. రెండో వరసలో అలపాతి లేచి నిలబడ్డాడు. ఎవరేం చేసినా క్లాసు తరఫున లేచి చెప్పేది అతనే.

“పంచుకున్నాం టీచర్.”

“ఏం పంచుకున్నారు?”

“బుడగలు. నిన్న మధ్యాహ్నం. ఈయన దిగబోయే గది ఊడవడానికి మీరు వెళ్లారు చూడండి, అప్పుడు.”

తర్వాతి సంగతి అతను వరసగా చెప్పాడు. మొత్తం నూట ఎనభై నాలుగు బుడగలు తేలాయి. కొందరి దగ్గర ఎక్కువున్నాయి, కొందరి దగ్గర తక్కువున్నాయి. పదకొండు వాటాలు వేశారు. తలా పదహారు వేస్తే ఎనిమిది మిగిలాయి. పదిహేడు వేద్దామంటే మూడు చాలలేదు.

“అందుకని అందరం కూర్చుని మూడు పుట్టించాం,” అన్నాడు అలపాతి.

“ఏవి?”

“దోమలు. పడవ ఇంజను నూనె. ఆదివారం.”

“ఆదివారమా?”

“ఆ రోజు ఎవరూ వేటకెళ్లరు కదా టీచర్. చేపలకు సెలవు.”

పాసిలియోకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఉంది.

పిల్లల్ని విరామానికి బయటికి పంపి ఇద్దరూ మాట్లాడుకున్నారు. పాసిలియోది నుకునోను. పక్క దీవి. అక్కడా ఊరంతా కలిసి పట్టిన చేపను తలకింతని వాటాలు వేసి పంచుతారు. దాన్ని అక్కడా ఇనాతి అనే అంటారు. పిల్లలు ఏం చేశారో, ఎందుకు చేశారో ఆయనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ మాట ఆయనే అన్నాడు.

“కానీ ఫారంలో ‘పంచుకున్నారు’ అనే గడి లేదు,” అన్నాడు. “ఎవరిది ఎంతో శుక్రవారం పన్నెండు లోపల తేల్చండి. తేలకపోతే చెల్లదని రాయాల్సింది నేనే. రాయడం నాకూ ఇష్టం లేదు. పదకొండు మంది తల్లులు జెట్టీ మీద నిలబడి నన్ను ఓడెక్కనివ్వరు.”

విరామం అయ్యాక లోయిమాతా పిల్లలకు విషయం చెప్పింది. ఎవరి బుడగలు వాళ్లు తీసేసుకోమంది. యాప్‌లో పాత చరిత్ర ఏ రోజుది ఆ రాత్రికే చెరిగిపోతుంది, నిన్నటిదీ పోయింది. ఇక పిల్లలకు గుర్తున్నదే ఆధారం. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ట్యాబ్ ముట్టుకోలేదు. మళ్లీ అలపాతే లేచాడు. పేరు పెట్టి పిలిచి ఇచ్చేసిన వాటాను వెనక్కి తీసుకోరని, అలా తీసుకున్నట్టు తెలిస్తే తాత తంతాడని చెప్పాడు. అతని తాత పెనియామినా ఊళ్లో చేపలు పంచే పెద్ద. లోయిమాతాకు మేనమామ.

ఆమె మొదటి బెంచీలో ఉన్న ఫియావోలాను అడిగింది. ఆ పటంలో అందరికంటే ఎక్కువ బుడగలు ఫియావోలావేనని టీచరుకు తెలుసు. ఆరు వారాలుగా చూస్తోంది.

“నీవి ఎన్ని ఇచ్చేశావు?”

“లెక్కపెట్టలేదు టీచర్.”

“బాధ లేదా?”

“నావేవో నాకు తెలుసు కదా,” అంది ఫియావోలా.

సాయంత్రం నాలుగింటికి వేట పడవలు ఊరికి వచ్చాయి. ఒక పెద్ద కొమ్ముకోనం చేప, నూటికి పైగా సూర చేపలు దిగాయి. లోయిమాతా ఫాలే దీవికి వెళ్లే పడవెక్కింది. బడి ఫకావోఫోలోని ఒక చిన్న దీవి మీద ఉంది, ఊరు ఇంకో చిన్న దీవి మీద. ఆమె చేరేసరికి పంపకం సగం అయింది. నేల మీద కుప్పలు వరసగా ఉన్నాయి. పెనియామినా కర్ర పట్టుకుని వాటి మధ్య నడుస్తున్నాడు. ఒక కుప్ప నుంచి ఒక చేపను కర్రతో చూపిస్తే, ఆయన కింద పనిచేసేవాళ్లు దాన్ని తీసి ఇంకో కుప్పలో వేస్తున్నారు. ఇళ్ల పేర్లు పిలుస్తున్నారు. పిల్లలు బకెట్లతో వచ్చి పట్టుకుపోతున్నారు.

పాసిలియో కూడా అక్కడే ఉన్నాడు. తమ దీవిలో కుప్పలు ఇంతకంటే సరిగ్గా వేస్తారని పక్కనున్నాయనతో అన్నాడు. మీ దీవిలో మొత్తం మూడు చేపలే పడతాయి కాబట్టి వేయడం తేలికని ఆ పక్కనున్నాయన అన్నాడు.

లోయిమాతా మేనమామ దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన కుప్పల మీద నుంచి చూపు తిప్పలేదు.

“ఎన్ని?” అన్నాడు.

“నూట ఎనభై ఏడు మామయ్యా.”

“ఏం చేప?”

“చేపలు కావు. బుడగలు. ట్యాబ్‌లో ఉంటాయి.”

“చేప కాకపోతే నన్నెందుకు అడుగుతున్నావే?”

“నీ మనవడు నీ పేరు చెప్పి పంచాడు కాబట్టి.”

పెనియామినా ఆగాడు. కర్రను నేలకు ఆనించి ఆమె వైపు చూశాడు. సరిగ్గా పంచాడా అని అడిగాడు. ఒక్కటి కూడా తేడా రాలేదని ఆమె చెప్పింది. ఆయన తల ఊపి మళ్లీ కుప్పల వైపు తిరిగాడు. పొద్దున బడి పడవలో వస్తానని, తనకోసం ఒక కుర్చీ, వీపు ఆనుకునేది, పెట్టించమని అన్నాడు.

గురువారం ఎనిమిదీ పదికి ఆయన తరగతిలో ఆ కుర్చీలో కూర్చున్నాడు. వయసు డెబ్బై ఒకటి. బడి కొత్త భవనం కట్టాక అందులో అడుగు పెట్టడం అదే మొదలు. గోడ మీద పటం వేశారు. దూరం నుంచి చదవలేనని చెబితే ఫియావోలా లేచి ఒక్కొక్క బుడగా చదివి వినిపించింది. అన్నీ అయ్యేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మధ్యలో ఆయన ఆమెను రెండుసార్లు ఆపాడు. ఒకచోట పున్నమికి వచ్చే చేప పేరు తప్పు రాశారు. ఇంకోచోట ‘ఆదివారం’ ఎవరు పెట్టారని అడిగాడు. అది అందరం కలిసి పుట్టించిందని అలపాతి చెప్పాడు. పెనియామినా మనవడి వైపు తిరిగాడు.

“ఒరేయ్, ఇలా రా. కొమ్ముకోనం పడితే ఎవరిది?”

“అందరిదీ తాతా.”

“తాబేలు దొరికితే?”

“అందరిదీ.”

“నువ్వు ఒడ్డున గాలం వేసి కూర్చుని నాలుగు చిన్న చేపలు పట్టావు. తెచ్చి నా కుప్పలో పోస్తావా?”

“పోయను.”

“ఏం చేస్తావు?”

“ఇంటికి పట్టుకెళ్లి మా అమ్మకిస్తాను.”

“మరి వీటిలో తాబేలేది, గాలం చేపేది చూసుకోకుండా అన్నీ ఒక కుప్పలో ఎందుకు పోశావురా? నీకు నేర్పింది నేనేనా?”

ఫియావోలా నిలబడే ఉంది. ఆమె చెప్పింది.

“తెర మీద అన్నీ ఒకే సైజులో ఉంటాయి తాతా.”

పెనియామినా గోడ వైపు మళ్లీ చూశాడు. నిజమే. మధ్యలోది తప్ప బుడగలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. యాప్ అలాగే గీస్తుంది. ఆయన లోయిమాతాను పిలిచి, మధ్య బుడగకు నేరుగా తగిలి ఉన్నవి ఎన్ని అని అడిగాడు. తొమ్మిది. అవి లేకపోతే మిగతావి నిలబడతాయా అని అడిగాడు. నిలబడవని ఆమె చెప్పింది. కొమ్మ తీసేస్తే దాని రెమ్మలన్నీ పోతాయి.

“అయితే ఆ తొమ్మిదీ పెద్ద చేపలు,” అన్నాడు పెనియామినా. “అవి అందరివీ. వాటి మీద ఎవరి పేరూ వద్దు. మిగతావి గాలం చేపలు. ఎవరు పట్టినవి వాళ్లవి. అవి పంచడమే తప్పు కాబట్టి, వెనక్కి తీసుకుంటే తప్పు కాదు.” పాసిలియో వైపు తిరిగాడు. “మీ ఊళ్లో ఎలాగో?”

“ఇలాగే పెద్దాయనా,” అన్నాడు పాసిలియో.

ఆయన తన కాగితాలు తిరగేశాడు. గ్రూపు పనికి వేరే గడి ఉంది. ‘అందరి పని’ అని తొమ్మిది కొమ్మలూ అందులో రాసుకోవచ్చు. రెమ్మలు ఎవరివి వాళ్ల ఫారంలో పడతాయి. ఫారానికి ఇబ్బంది లేదని ఆయన చెప్పాడు.

తొమ్మిది కొమ్మలకూ తెల్ల రంగు వేశారు. తర్వాత పిల్లలు తమ రెమ్మలు తాము తీసుకోవడం మొదలుపెట్టారు. దానికి నలభై నిమిషాలు పట్టింది. ఎవరు ఏది పెట్టారో అందరికీ గుర్తుంది. తగువు ఒక్కచోటే వచ్చింది. ‘దోమలు’ నీదంటే నీదని ఇద్దరు పిల్లలు ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నారు. తీసుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. చివరికి అలపాతి అది తన పేరు మీద వేసుకున్నాడు.

పదిన్నరకు పట్టిక మళ్లీ గోడ మీద పడింది. ఫియావోలా నలభై నాలుగు. అలపాతి ఇరవై ఒకటి. ఎనిమిది మందికి పదకొండుకూ పద్దెనిమిదికీ మధ్య ఉన్నాయి. చివరి పేరు సులియా. మూడు.

సులియా కిటికీ పక్కన కూర్చుంటుంది. ఆమె తన పేరు వైపు చూసి, ట్యాబ్ మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. పంపకం అసలు ఎవరికోసం జరిగిందో లోయిమాతాకు అప్పుడు అర్థమైంది. ఆ ఆలోచన ఎవరిదని ఆమె అడగలేదు.

పాసిలియో పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పదిమందికి ఇబ్బంది లేదని, పదకొండో ఫారం సంగతే తేలాలని అన్నాడు. పది ఉంటే సంతకం పెడతాడు. తొమ్మిది ఉన్నా పెట్టలేడు. సులియా ఒక్కతే సైన్సు మళ్లీ చదవాల్సి వస్తుంది.

పెనియామినా కుర్చీలోంచి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి సులియా వైపు తిరిగాడు.

“గడువు ఎప్పటిదాకా అమ్మా?”

“రేపు పన్నెండు దాకా తాతా.”

“అయితే ఇంకా బోలెడు టైముంది,” అని ఆయన పడవ దగ్గరకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బడి వదిలాక లోయిమాతా సులియాను ఆపింది. పక్కన కూర్చోబెట్టుకుని, ఆరు వారాల్లో మూడే ఎందుకు పెట్టావని అడిగింది. కోప్పడలేదు. సులియా రాయడం, చెరపడం ఆమె చాలాసార్లు చూసింది. బద్ధకం కాదని ఆమెకు తెలుసు.

“నేను రాసేలోపే ఫియావోలా రాసేసి ఉంటుంది టీచర్,” అంది సులియా. “ఉన్నదే మళ్లీ ఎందుకని చెరిపేస్తాను.”

“ఫియావోలాకు తెలియనిది నీకేమీ తెలియదా?”

సులియా ఆలోచించింది. తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తర్వాత కిటికీలోంచి నీటి మట్టం చూసి లేచి నిలబడింది. పోటు వచ్చే వేళయిందని, దిబ్బ మీద మేసే పందుల్ని తోలుకురావాలని, ఆలస్యమైతే అమ్మ ఊరుకోదని చెప్పింది. లోయిమాతా సరేనంది. ఆ పిల్ల వెళ్లాక కూడా ఆమె చాలాసేపు పటం ముందే కూర్చుంది. ఇంకా ఎవరూ రాయని ఏడు సంగతులు వెతికి సులియాకు అందించొచ్చా అని ఆలోచించింది. అలా చేస్తే తను కూడా అలపాతి చేసిన పనే చేసినట్టు. ట్యాబ్‌లన్నీ అల్మారాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎప్పటిలాగే కాపలాదారుకు ఇచ్చి ఇంటికెళ్లింది.

శుక్రవారం ఉదయం ఆమె ఏడూ నలభైకి బడికి వచ్చింది. తరగతి తలుపు తీసి ఉంది. సులియా ట్యాబ్ ముందు కూర్చుని ఉంది. ఆరున్నర పడవలోనే వచ్చిందని, తాళం తనే తీశానని కాపలాదారు చెప్పాడు. సులియాకు ఒక పక్క ఫియావోలా, ఇంకో పక్క అలపాతి కూర్చున్నారు. ముగ్గురి తలలూ ఒకే తెర మీదకు వంగి ఉన్నాయి.

లోయిమాతా సంచి బల్ల మీద పెట్టి పటం గోడ మీద వేసింది. నిన్న లేని కొమ్మ ఒకటి వచ్చింది. ‘పందులు’. దాని చుట్టూ తొమ్మిది రెమ్మలు. తొమ్మిదింటి మీదా సులియా పేరే. పట్టికలో ఆమె అంకె పన్నెండు.

“మీరిద్దరూ ఇక్కడేం చేస్తున్నారు?” అని అడిగింది లోయిమాతా.

“చదువుకుంటున్నాం టీచర్,” అన్నాడు అలపాతి.

“ఏం చదువు?”

“పందులు.”

“వేలు పెట్టారా?”

“నిజంగా పెట్టలేదు టీచర్. తాత నిన్న ఇంటికొచ్చాక కూడా తిట్టాడు. ఇంకోసారి గాలం చేప పంచితే నన్నే కుప్పలో వేస్తానన్నాడు.”

ఆమె ఫియావోలా వైపు చూసింది. తాము వచ్చేసరికే ఆరు రెమ్మలు ఉన్నాయని, మిగతా మూడు తమ ముందే రాసిందని ఫియావోలా చెప్పింది. ఫియావోలా అబద్ధం చెప్పగా లోయిమాతా ఎప్పుడూ వినలేదు. అయితే మంగళవారం దాకా బుడగలు పంచగా కూడా వినలేదు.

పాసిలియో తొమ్మిదింటికి వచ్చాడు. కొత్త కొమ్మ చూశాడు. పట్టిక చూశాడు. అనుమానం ఆయన నోట ముందు వచ్చింది. రాత్రికి రాత్రి మూడు పన్నెండు కావడం మంచిదేనని, ఆ తొమ్మిదీ ఎక్కణ్ణుంచి వచ్చాయో తనకు తెలియాలని అన్నాడు. కుర్చీ లాక్కుని పిల్లల ముందు కూర్చున్నాడు. ముందు సులియాను అడగలేదు. అలపాతిని అడిగాడు.

“ఇక్కడ ‘చెవి చిరిగిన పంది తూర్పు వైపే వెళ్తుంది’ అని ఉంది. ఎందుకు తూర్పు?”

“నాకేం తెలుసు సార్. మా పందులు దొడ్లో పడుకుని కొబ్బరి తింటాయి.”

“నువ్వు చెప్పమ్మా,” అని ఫియావోలాను అడిగాడు.

“నేనూ ఇవాళే చదివాను. అసలు అవి దిబ్బ మీద దాకా వెళ్తాయనే తెలుసు. అక్కడేం చేస్తాయో ఎప్పుడూ చూడలేదు.”

అప్పుడు సులియా వైపు తిరిగాడు. సులియా లేచి నిలబడింది. పడమటి వైపు దిబ్బ అంచులు కాళ్లను కోస్తాయని, ఆ పందికి కిందటేడు అక్కడే చెవి చిరిగిందని, అప్పట్నుంచి ఎంత తోలినా అటు పోదని చెప్పింది. గొంతు చిన్నగా ఉంది. పాసిలియో ముందుకు వంగి విన్నాడు.

“మా నుకునోనులో పందులకు ఈత రాదు,” అన్నాడాయన. “మీవాటికి వస్తుందని రాశావు. నువ్వు చూశావా?”

“రోజూ చూస్తాను సార్. పాటుకు నీళ్లు తగ్గినప్పుడు నడిచి పోతాయి. పోటు వచ్చేసరికి మధ్యలో ఉంటాయి కాబట్టి ఈదాలి. తల్లి ముందు. పిల్లలు దాని వెనక వరసలో. ఆరు వారాలు నిండని పిల్లల్ని అది రానివ్వదు, ముట్టెతో వెనక్కి నెట్టేస్తుంది.”

“మీవాటికి ఎవరూ నేర్పలేదేమో సార్,” అన్నాడు అలపాతి. లోయిమాతా అతన్ని కూర్చోమంది. అతను కూర్చునే ఉన్నాడు.

పాసిలియో చివరి రెమ్మ మీద వేలు పెట్టాడు. పందులు గుల్లల కోసం ముట్టెతో తవ్విన గుంటల్లోకి పోటు రాగానే చిన్న చేపలు చేరతాయని అందులో ఉంది. ఇది ఎవరైనా చెప్పారా, ఎక్కడైనా చదివావా అని అడిగాడు.

“లేదు సార్. పందుల్ని పిలవడానికి నేను ఆ గుంటల పక్కనే నిలబడతాను. చేపలొచ్చి కాళ్లకు తగులుతాయి. అప్పుడు పోటు మొదలైందని తెలుస్తుంది. అరిచి పిలుస్తాను.”

“ఏ చేపలు?”

సులియా మూడు పేర్లు చెప్పింది. మూడోది పటంలో ఎక్కడా లేదు. ఫియావోలా వెంటనే ట్యాబ్ తెరిచి వెతికింది, తనకు దొరకలేదని చెప్పింది. ఆ చేప పేరు ఎలా రాయాలో సులియాను అడిగింది. సులియా చెప్పింది. ఫియావోలా రాయబోయి ఆగి, ట్యాబ్‌ను సులియా వైపు జరిపింది. నువ్వే రాయి అని సులియా తిరిగి జరిపింది. ట్యాబ్ రెండుసార్లు అటూ ఇటూ వెళ్లాక లోయిమాతా జోక్యం చేసుకుంది. ఎవరు పట్టిన చేప వాళ్లే రాయాలంది. సులియా రాసింది. పట్టికలో పన్నెండు పదమూడు అయింది.

ఇన్నాళ్లూ ఇది ఎందుకు రాయలేదని లోయిమాతా అడిగింది. పందుల సంగతి బడికి పనికొస్తుందని అనుకోలేదని సులియా చెప్పింది. మరి ఇప్పుడెందుకు అనుకున్నావని అడిగింది. నిన్న సాయంత్రం గుంట దగ్గర నిలబడి పందులకోసం చూస్తుంటే, ఇక్కడ ఫియావోలా ఎప్పుడూ నిలబడలేదని గుర్తొచ్చిందట.

‘పందులు’ అనే కొమ్మ మీద ఎవరి రంగూ లేదని, అది తెల్లగానే ఉందని అప్పుడు పాసిలియో గమనించాడు. అది కూడా నీదే కదా, నీ పేరు పెట్టుకోలేదేం అని అడిగాడు.

“అది మధ్య బుడగకు తగిలి ఉంది సార్,” అంది సులియా. “పెద్ద చేప. అందరిదీ.”

పాసిలియో ‘అందరి పని’ గడిలో తొమ్మిది కొట్టేసి పది అని రాశాడు. అదే మార్పు పదకొండు కాగితాల మీదా చేయాల్సి వచ్చింది. కొట్టివేత ఉన్న ప్రతిచోటా పొట్టి సంతకం పెట్టాడు. ఆ పని పదీ యాభైకి ముగిసింది. తర్వాత పూర్తి సంతకాలు పెట్టాడు. లోయిమాతా ఆయన పక్కన నిలబడి ఒక్కొక్క కాగితాన్నీ తిప్పి ఇచ్చింది. సులియా ఫారం ఆఖరున వచ్చింది. అది వచ్చినప్పుడు లోయిమాతా ఆ కాగితం అంచు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంది. గాలికి ఎగురుతుందా అని పాసిలియో అడిగాడు. లేదు సార్ అంది.

పదకొండున్నరకు దిబ్బ అవతల ఓడ కనిపించింది. పిల్లలు భోజనానికి వెళ్లకుండా జెట్టీ మీదకు పరిగెత్తారు. పాసిలియో సంచీతో, పెనియామినా ఇంటివాళ్లు ఇచ్చిన చేపల పొట్లంతో వచ్చాడు. ఆ పొట్లం ఆపియా దాకా పాడవకుండా ఎలా పట్టుకెళ్లాలో ఇద్దరు ఆడవాళ్లు ఆయనకు రెండు రకాలుగా చెప్పారు. పడవ ఆయన్ని తీసుకుని దిబ్బ దాటింది.

ఓడ ఒంటిగంటా పది నిమిషాలకు కదిలింది. ఫారాల నకళ్లు బడి అల్మారాలో ఉన్నాయి. పదకొండింటి మీదా పాసిలియో సంతకం ఉంది. సులియా ఫారంలో సొంత బుడగలు పదమూడు అని రాసి ఉంది.